తగ్గించిన బరువు

పోయిన ఏడాది మొదటి మంచు కురిసిన వారంలో ఒంటరిగా కొండల మీదికి నడిచి వెళ్లిన బడిపంతులు తిరిగి రాలేదు. పదకొండు రోజులు వెతికారు. మంచు నడుంలోతు పడేసరికి చేతులెత్తేశారు. ఎనిమిది నెలల తర్వాత, మంచు కరిగాక, ఆ కొండల్లో దారి చూపించే గైడు ఫోన్ చేశాడు. మూడు రోజుల నడక దూరంలో ఒక రాతి సందులో శవం కనిపించిందని, ఇంటివాళ్లు వచ్చి చూసి తీసుకెళ్లాలని.

పంతులు తమ్ముడు దర్జీ. గుడారాలు, వీపు సంచులు కుడతాడు. ఫోన్ వచ్చిన మర్నాడు వదిన అతని షాపుకొచ్చి నిలబడింది.

"ఒక సంచి కుట్టాలి. పొడుగ్గా. ఇద్దరు మోయడానికి పట్టీలుండాలి," అంది.

ఎవరికని అతను అడగలేదు. కొలత కూడా అడగలేదు. అన్నయ్య విడిచిన చొక్కాలు తొడుక్కునే పెరిగాడు. గుడారం గుడ్డల్లో దళసరిది తీసి కుట్టడం మొదలుపెట్టాడు. సూది రెండుసార్లు విరిగింది.

బయల్దేరే ముందు రోజు పొద్దున సంచి తీసుకుని వదిన ఇంటికి వెళ్లాడు. ముందు గదిలో కాలు పెట్టే చోటు లేదు. తాడు, స్టవ్, గ్యాస్ డబ్బాలు, టార్చిలైట్లు, ఉన్ని మేజోళ్లు. వదిన ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేస్తుంది, ఏదీ చేత్తో ఉజ్జాయింపుగా వెయ్యదు. బియ్యం, పప్పు, ఓట్స్, ఎండుద్రాక్ష, టీపొడి, అన్నీ తూచి ఏ రోజువి ఆ రోజు పొట్లాలు కట్టి, పైన అంకెలు రాసింది.

"దిగడానికి ఒక రోజు ఎక్కువ పెట్టాను. బరువుతో దిగాలి కదా," అంది.

అతను ఊఁ కొట్టాడు.

"మీ అన్నయ్యైతే ఈపాటికి రెండో రోజు బిస్కెట్లు ఇక్కడే అవగొట్టేసేవారు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. వచ్చినందుకు ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

చేతి తొడుగుల కోసం వదిన స్టూలెక్కి అటక మీద చెయ్యి పెట్టింది. తొడుగులతో పాటు నీలం రంగు మూట ఒకటి జారి కింద పడింది. పంతులు చలికాలం వాడే దళసరి స్లీపింగ్ బ్యాగ్.

"ఇదేంటి ఇక్కడుంది? తీసుకెళ్లలేదా ఆయన?"

ఇన్నాళ్లూ మరిది కక్కలేక మింగలేక దాచుకున్న మాట అది.

"నేనే తీయించాను వదినా. వీపు సంచి మొత్తం పద్దెనిమిది కేజీలొచ్చింది. మోకాలు నొప్పి అన్నాడు. షాపులోంచి పల్చటిది తెచ్చిచ్చాను, ఎనిమిది వందల గ్రాములు తగ్గుతుందని. నెలాఖరు దాకా చలి రాదులే అన్నాను."

వదిన స్టూలు దిగింది. మూట పక్కన నేల మీద కూలబడింది. మూట మీద చెయ్యేసి అడిగింది.

"ఆ పల్చటిది ఏ రంగు?"

"బూడిద రంగు."

"వెతికేవాళ్లు ఇంటికొచ్చి అడిగారు, ఏ రంగు కోసం చూడాలని. నీలం అని చెప్పాను. నువ్వు నా పక్కనే కూర్చున్నావు."

"భయమేసింది వదినా." అతని మాట అతనికే వినపడలేదు. "నన్ను కొట్టండి. తిట్టండి."

"కొట్టే ఓపిక నాకు లేదు," అంది. "నువ్వు రావద్దని చెప్పాలనుంది. కానీ ఆయన్ని మోయడానికి నా భుజాలు చాలవు. నీ బ్యాగ్ ఇలా తే."

అతని బ్యాగ్ తనే సర్దింది. బరువైనవి వీపుకి ఆనేలా, తేలికవి పైన. ఎక్కడా చెయ్యి తడబడలేదు. ఆ తర్వాత అతనితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

గైడు వెంట మూడో రోజు మధ్యాహ్నానికి అక్కడికి చేరుకున్నారు. పంతులు రాతికి చేరబడి, బూడిద రంగు గుడ్డ గడ్డం దాకా లాక్కుని ఉన్నాడు. వదిన దగ్గరికి వెళ్లి, అతని చేతి గడియారం చూసి, ఆయనే అన్నట్టు తలూపింది.

గైడుకి ఈ గొడవేమీ తెలియదు. మనసులో మాట పైకనేశాడు.

"వెతికినవాళ్లలో నేనూ ఉన్నానమ్మా. ఈ రాళ్ల మీదుగానే పోయాం. నీలం కోసం చూస్తున్నాం కదా, రాళ్లలో రాయిలా కలిసిపోయాడు. ఆ మొదటి మంచు ఒక్క రాత్రే. ఇంకాస్త దళసరిది కప్పుకునుంటే తెల్లారేదాకా బతికేవాడేమో."

మరిది వంగి పొడుగు సంచి విప్పి నేల మీద పరిచాడు.

అక్కర్లేని సామానంతా అక్కడే రాళ్ల కింద పెట్టేశారు. పొడుగు సంచి పట్టీలు ముందు గైడు, వెనక మరిది భుజానికెత్తుకున్నారు. అన్నయ్య ఇంత తేలికైపోయాడేమిటి అనుకున్నాడు మరిది మొదటి గంట. రెండో గంటకి పట్టీ కండలోకి దిగింది. సాయంత్రానికి చొక్కాకి నెత్తురంటింది. గైడు ఆగుదామన్నప్పుడల్లా వద్దన్నాడు.

గులకరాళ్ల వాలు దగ్గర అతని కాలు జారింది, మోకాలి మీద నిలదొక్కుకున్నాడు. వదిన తన బ్యాగ్ దించి ముందుకొచ్చింది.

"ఇలా ఇవ్వు."

"నేను మోస్తాను వదినా."

"నీ మీద జాలితో కాదు. నువ్వు పడితే ఆయన కూడా పడతారు."

అతను పట్టీ తీసి ఆమె భుజానికి తగిలించాడు. ఆమె బ్యాగ్ ఎత్తుకుని, పది అడుగులు ఎడంగా వెనకే దిగాడు.