డంక్లీ పాస్టర్ మోసుకెళ్లిన మంచి కబురు

ఆల్ఫాన్సో డంక్లీ పోలీసు శాఖకు పాస్టర్‌గా కుదిరి పదకొండేళ్లయింది. సోమవారం పొద్దున్నే స్టేషన్లో ప్రార్థన చేయించడం, ఇంట్లో గొడవపడి వచ్చిన కానిస్టేబుల్‌ను పక్కకు తీసుకెళ్లి నాలుగు మంచి మాటలు చెప్పడం, ఆదివారం తన చర్చిలో రెండు గంటలకు తగ్గకుండా ప్రసంగించడం, ఇవన్నీ ఆయనకు ఇష్టమైన పనులే. ఇష్టంలేని పని ఒక్కటే. ఆ చుట్టుపక్కల ఎవరి బిడ్డకైనా, ఎవరి మొగుడికైనా జరగరానిది జరిగితే, ఆ ఇంటికి వెళ్లి చెప్పాల్సింది ఆయనే.

నల్ల చొక్కా, తెల్ల కాలరు, వెనకాల పోలీసు జీపు. జమైకాలో ఆ కొండ ఊళ్లవాళ్లకు ఈ మూడూ ఒకచోట కనిపిస్తే చాలు, గుండె జారిపోయేది. ఆయన రొట్టె కొనడానికి దుకాణంలో అడుగుపెట్టినా లోపల మాటలు ఆగిపోయేవి. ఒకసారి దారి అడుగుదామని ఓ ఇంటి ముందు జీపు ఆపిస్తే, ఆయన దిగేలోపే ఆ ఇల్లాలు స్పృహ తప్పి పడిపోయింది.

అందుకే ఆ బుధవారం సూపరింటెండెంట్ పిలిచి చెప్పింది ఆయన ఒకపట్టాన నమ్మలేదు.

"రెడ్‌గ్రౌండ్‌లో మిస్ ఇసిల్డా అని ఉంది కదా, ఆవిడ కొడుకు కర్క్‌లాండ్ కింగ్‌స్టన్‌లో మన కానిస్టేబులే. మొన్న వానలకి వరద కాలువలో కొట్టుకుపోతున్న పసిపిల్లని దూకి పట్టుకున్నాడు. శుక్రవారం పతకం ఇస్తున్నారు. తల్లిని మన జీపులో తీసుకురమ్మన్నారు. ఆవిడ ఫోను నీళ్ల పీపాలో పడిందంట. మీరు వెళ్లి చెప్పండి పాస్టర్."

"అంటే... అబ్బాయి బతికే ఉన్నాడా?"

"బతికే ఉన్నాడు. జలుబు చేసింది."

"జలుబు ఒక్కటేనా?"

సూపరింటెండెంట్ ఫోను కలిపి ఆయన చేతికిచ్చాడు. అవతల కర్క్‌లాండ్ తుమ్ముతూ జరిగిందంతా చెప్పాడు. చివర్లో గొంతు తగ్గించి, "పాస్టర్, ఆ ప్యాంటు సంగతి మాత్రం అమ్మతో అనొద్దు. మీకు పుణ్యముంటుంది," అన్నాడు. పాస్టర్ మాటిచ్చాడు.

ఇంటికెళ్లి కాలరు సర్దుకుంటూ అద్దంలో చూసుకుని నవ్వడం మొదలుపెట్టాడు. భార్య మెర్లీన్ గుమ్మంలో ఆగింది.

"ఏంటది? పన్ను సలుపుతోందా?"

"మంచి కబురు చెప్పే మొహం ఎలా ఉంటుందో చూసుకుంటున్నా."

"మామూలుగానే వెళ్లవయ్యా. ఈ నవ్వు చూస్తే ఇంట్లో ఇద్దరు పోయారనుకుంటారు."

జీపు నడిపేది కార్పొరల్ షెర్నెట్. పాతికేళ్లుంటాయి, నోట్లో మాట దాచుకునే రకం కాదు. "దిగీదిగగానే చెప్పెయ్యండి పాస్టర్. ప్రార్థనొద్దు, ముందుమాటొద్దు," అంది దారంతా.

"నాకు తెలీదా అమ్మాయ్," అన్నాడాయన.

ఇసిల్డా వసారాలో కూర్చుని పచ్చి కందికాయలు ఒలుస్తోంది. జీపు ఆగింది. నల్ల చొక్కా దిగింది. కందికాయల గిన్నె బోర్లాపడింది, ఇసిల్డా లోపలికి దూకింది, తలుపు ధడాలున మూసుకుంది. గడియ పడ్డ చప్పుడు, దాని వెనక బల్ల ఈడ్చిన చప్పుడు వినబడ్డాయి.

"నేనింట్లో లేను!" అంది లోపల్నుంచి.

"మిస్ ఇసిల్డా, భయపడకండి. మంచి కబురు తెచ్చాను."

"లసెల్స్ పెళ్లానికీ ఇదే చెప్పావు! మంచి కబురమ్మా, నీ మొగుడు ప్రభువు దగ్గర సుఖంగా ఉన్నాడన్నావు! నాకలాంటి మంచి కబుర్లొద్దు. నేను వినకపోతే అది జరగనట్టే. ఫో!"

పాస్టర్ తలుపు కొట్టబోయిన చెయ్యి దించేశాడు. లసెల్స్ ఇంట్లో ఆయన అన్నది అక్షరాలా అదే.

ఈలోపల ఎదురింట్లో మాస్ జెబ్ అనే ముసలాయన డామినోల ఆట వదిలేసి, టోపీ తీసి గుండెకు ఆనించుకుని కంచె దాకా వచ్చాడు. ఆయన వెనకే సిస్టర్ పాన్సీ వచ్చింది. చావింట ముందు గొంతెత్తే హక్కు ఆ ఊళ్లో ఆవిడదే. "అయ్యో, ముద్దులబిడ్డ కర్క్‌లాండ్!" అని ఒక్క కేక పెట్టి పాట ఎత్తుకుంది. నిమిషాల మీద ఊరు కదిలింది. ఎవరో బెంచీలు మోసుకొచ్చారు. ఇద్దరు మగాళ్లు పందిరికి వెదుళ్లు దించారు. చావింటికొచ్చినవాళ్లకు వండిపెట్టడం అక్కడి రివాజు గనక, పెరట్లో మూడు రాళ్లు పెట్టి పెద్ద డేక్సా ఎక్కించారు.

"ఆగండి, ఆగండి, నా మాట వినండి!" అన్నాడు పాస్టర్.

"తొందరేముంది పాస్టర్‌గారూ," మాస్ జెబ్ ఆయన భుజం నిమిరాడు. "జనాన్ని కూర్చోనివ్వండి. ఇలాంటివి నిలబడి వినేవి కావు. ముందో చుక్క తెల్లరమ్ము వేసుకోండి, మీకూ బాధగానే ఉంటుంది."

"నేను తాగను! పైగా ఎవరూ..."

"పాపం, మాట కూడా రావట్లేదు," అంది పాన్సీ, పాట మధ్యలో.

ఇక లాభం లేదని పాస్టర్ రెండు చేతులూ పైకెత్తాడు. జనం గప్‌చిప్ అయ్యారు. తలలన్నీ వంగాయి. సరిగ్గా అక్కడే ఆయన కొంప మునిగింది. వంగిన తలలు చూస్తే ఆయన నాలుక ఆయన మాట వినదు. "ప్రార్థన చేసుకుందాం," అనేసింది. పదకొండేళ్ల అలవాటు మరి, అక్కణ్నుంచి అది తిన్నగా చావు ప్రార్థనలో వచ్చే గడ్డి మీదికి, ఎండిపోయే పువ్వు మీదికి, మాయమయ్యే పొగమంచు మీదికి పోయింది. నాలుగో వాక్యం దగ్గర తానేం మాట్లాడుతున్నాడో ఆయనకు తెలిసొచ్చింది. అప్పటికి ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. మాస్ జెబ్ తన మేకను తాడుతో పెరట్లో డేక్సా దగ్గరికి లాగుతున్నాడు.

జీపులో షెర్నెట్ స్టీరింగ్ మీద తల వాల్చి ఊగిపోతోంది. ఏడుస్తోందనుకున్నారు జనం. ఇక తట్టుకోలేక ఆమె జీపు మైకు అందుకుంది.

"కర్క్‌లాండ్ చావలేదు! మళ్లీ చెప్తున్నా, చావలేదు! పతకం ఇస్తున్నారు! మేకని వదలండి!"

పాట ఆగింది. జనం మొహమొహాలు చూసుకున్నారు.

"చావలేదా?" అన్నాడు మాస్ జెబ్. ఆ గొంతులో సంతోషమెంతో, మేక తెచ్చిన శ్రమ వృథా అయిందన్న దిగులెంతో చెప్పడం కష్టం. "మరి ఈ పెద్దమనిషి ఇందాకట్నుంచి గడ్డీ గాదం అంటాడేంటి?"

తలుపు మాత్రం తెరుచుకోలేదు. "అబద్ధం!" అంది ఇసిల్డా. "నన్ను బయటికి రప్పించడానికి అట్లా అంటున్నారు. నిజంగా వాడు బతికుంటే, పాస్టర్, నువ్వోసారి నవ్వు. నా చెవులకి వినబడాలి."

పాస్టర్ నవ్వబోయాడు. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఓ శబ్దం వచ్చింది. పాన్సీ భయంతో మళ్లీ ఏడుపు అందుకుంది.

 పాస్టర్ వసారాలో, చెల్లాచెదురైన కందికాయల మధ్య కూలబడి, తలుపుకు వీపు ఆనించాడు. మాటిచ్చిన సంగతి గుర్తొచ్చింది. దేవుడూ, కర్క్‌లాండూ ఇద్దరూ క్షమించాలి అనుకుని, ప్రసంగం గొంతు కాకుండా మామూలు గొంతుతో మొదలుపెట్టాడు.

"మిస్ ఇసిల్డా, మీవాడు బూట్లు విప్పాడు గానీ బెల్టు బిగించుకోలేదు. దూకాడు. పిల్లని పట్టుకున్నాడు. ప్యాంటుని కాలువ పట్టుకుపోయింది. పిల్ల వాడి మెడ చుట్టూ చేతులేసి వదల్లేదు. అట్లాగే గట్టెక్కాడు. పైన యూనిఫాం చొక్కా, పతాకల్లే ఎగురుతోంది. కింద పసుప్పచ్చ చెడ్డీ, దాని మీద అరటిపళ్ల బొమ్మలు. గట్టు మీద రెండొందలమంది చప్పట్లు కొడుతుంటే, అటెన్షన్లో నిలబడి ఇన్‌స్పెక్టర్‌కి సెల్యూట్ చేశాడంట. ఇన్‌స్పెక్టర్ కూడా తిరిగి సెల్యూట్ చేశాడంట, చెడ్డీ వంక చూడకుండా..."

అక్కడ ఆయనకే ఆగలేదు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. ఆ తర్వాత కాలరు గుండీ తెగేలా, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వాడు. రెడ్‌గ్రౌండ్‌వాళ్లు ఆ మనిషి నవ్వడం చూడ్డం అదే మొదలు. జనమంతా అందుకున్నారు.

లోపల బల్ల ఈడ్చిన చప్పుడయింది. తలుపు హఠాత్తుగా తెరుచుకునేసరికి పాస్టర్ వెల్లకిలా గడప లోపలికి పడ్డాడు. ఇసిల్డా ఆయన మీదికి వంగి చూసింది.

"అరటిపళ్లవా?"

"అరటిపళ్లవే."

"పోయిన క్రిస్మస్‌కి నేను పంపినవే," అని ఆవిడ అక్కడే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. మధ్యలో చేతిగుడ్డతో పాస్టర్ నెత్తిన నాలుగు దెబ్బలు వేసింది. "ఈ ముక్క ముందు చెప్పడానికేమయ్యా నీకు! గడ్డి అంటావా నా బిడ్డని!"

డేక్సా ఎక్కించాక ఉత్తిగా దించే ఆచారం ఆ ఊళ్లో లేదు. మేక బతికిపోయింది, కోళ్లు మాత్రం బతకలేదు. పాస్టర్ మూడు గిన్నెల పులుసు తాగితే తప్ప కదలనివ్వలేదు.

తిరిగొస్తూ ఆయన ఆలోచనలో పడ్డాడు. చర్చిలో ఇరవై ఆరేళ్లుగా సువార్త సువార్త అంటున్నాను, నా నోట ఒక్క మంచి వార్త వస్తుందని ఊరు ఊరంతా నమ్మలేకపోతే తప్పు ఊరిదా అనుకున్నాడు. మర్నాడు సూపరింటెండెంట్ దగ్గరికెళ్లి, ఇకనుంచి చిన్న మంచి కబుర్లు కూడా తనకే ఇవ్వమన్నాడు. తప్పిపోయిన ఆవు దొరికింది, పోయిన లైసెన్సు దొరికింది, పోలీసు పరీక్షలో అమ్మాయి పాసయింది. అన్నీ ఆయనే మోశాడు. ఆదివారం ప్రసంగం గంటంబావుకు దిగింది. మూడు నెలలు తిరిగేసరికి జీపు ఆగితే పరిగెత్తుకుని ఎదురొచ్చేవాళ్లు తయారయ్యారు.

అప్పుడొక మంగళవారం, కొండ కింద లారీ బోల్తాపడింది. డ్రైవర్ అక్క వెర్లిన్ జీపు చూసి, చేతులకు అంటిన పిండి దులుపుకుంటూ నవ్వుతూ వచ్చింది. "ఏం తెచ్చావు పాస్టర్? మా ఆవు దొరికిందా?"

షెర్నెట్ తల తిప్పేసుకుంది. తన జీపు చూసి జనం తలుపులు మూసుకున్న రోజులే నయమనుకున్నాడు పాస్టర్ ఒక్క క్షణం. తర్వాత ఆవిడ పిండి చేతులు రెండూ పట్టుకుని, "లేదమ్మా వెర్లిన్. నీ తమ్ముడు పోయాడు," అన్నాడు. ఇంకేమీ అనలేదు. గడ్డీ లేదు, పువ్వూ లేదు. ఆవిడ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు, ఆయనా విడిపించుకోలేదు. షెర్నెట్ లోపలికి వెళ్లి, సగంలో ఆగిపోయిన పిండి కలిపి, రొట్టెలు కాల్చింది. మాడిపోయాయి. అయినా ముగ్గురూ తిన్నారు.