చీపురు పట్టని వారం

మనవరాలి నెత్తుట్లో సీసం ఉందని డాక్టరు చెప్పిన రోజు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

దానికి రెండేళ్లు. కనిపించిందల్లా కొరుకుతుంది కాబట్టి చిట్టెలుక అంటాం. పొద్దున్నే రొట్టెముక్క పట్టుకుని నా గది గడప దగ్గర కూలబడి, "తాతా, తలుపు" అని పిడికిలితో కొట్టేది. అదే నాకు కోడికూత.

పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉంటుందట. తలుపులూ కిటికీలూ రాసుకుని పొడి రాలితే, నేల మీద ఆడే పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోతుందట. ఎక్కడ రాలుతోందో తేలేదాకా పిల్లను ఆ ఇంట్లో ఉంచొద్దన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే మా అబ్బాయి దాన్ని భుజాన వేసుకెళ్లి అమ్మమ్మ దగ్గర దింపి వచ్చాడు. వాడి భుజం మీద నుంచి నా వైపే చూస్తూ వెళ్లింది.

కొన్నాళ్లకు రంగులు తనిఖీ చేసే ఆమె వచ్చింది. చేతిలో తుపాకీ లాంటి యంత్రం.

"ఎవర్ని కాలుస్తారండీ దాంతో?" అంది కోడలు.

"మీ తలుపుల్ని," అని నవ్వింది ఆమె.

తలుపుకీ కిటికీకీ దాన్ని ఆనించి చూసింది. "పైన వేసిన తెల్లరంగు మంచిదే. అడుగున ఉన్న పాతదే దొంగ. అన్ని తలుపులకీ ఉంది. కదలకుండా పడుకున్నంతసేపు వాడేం చేయడు. పొడి రాలేది ఎక్కడో పట్టుకోవాలి," అంది.

ఇల్లు మాది కాదు. ఇల్లంతా విప్పనివ్వను, పొడి రాలేది ఏదో చూపిస్తే దాన్ని మార్పిస్తానని యజమాని ముందే చెప్పాడు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని పల్చటి తడిగుడ్డలతో కిటికీ అంచులూ గడపలూ నేలా తుడిచింది. ప్రతి గుడ్డనీ వెలుతురుకు పెట్టి చూసింది. ఉతికి ఆరేసినట్టున్నాయి.

"ఇల్లెప్పుడు తుడిచారమ్మా?"

"మీరొస్తున్నారని తెల్లారకముందే లేచి కడిగాను. సందుల్లో పుల్ల పెట్టి మరీ తీశాను," అంది కోడలు గర్వంగా.

ఆమె స్టూలు మీద కూర్చుని నుదురు పట్టుకుంది. "దొంగను పట్టడానికి నేనొస్తే వాడి అడుగుజాడలన్నీ మీరే తుడిచేశారు కదమ్మా."

"పరాయివాళ్లొస్తుంటే ఇల్లు మురికిగా ఉంచుకోమంటారా?"

"అవును. వారం రోజులు చీపురు పట్టొద్దు. తడిగుడ్డ పెట్టొద్దు. తలుపులు మాత్రం రోజూ ఎలా తీసి వేస్తారో అలాగే చేయండి." నా వైపు తిరిగింది. "పెద్దాయనా, కాపలా మీదే."

తలూపాను.

కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. రెండు రోజులకే మిషను కింద దారప్పోగులు గుట్ట పడ్డాయి. చీపురు తీసుకెళ్లి నా మంచం కింద పెట్టుకున్నాను.

"మామయ్యా, ఒక్క మూల."

"వద్దు."

"మీరు మాట్లాడేదే రోజుకో ముక్క. అది కూడా వద్దు అనేనా?"

పక్కింటావిడ కుట్టిన బట్టల కోసం వచ్చి నేలంతా కలయజూసింది. "ఏంటమ్మాయ్, మీ చీపురు అలిగి పుట్టింటికి పోయిందా?"

కోడలి మొహం కందిపోయింది. ఆవిడ గడప దాటగానే పాతగుడ్డ తీసుకుని కిటికీ మీదికి వెళ్లింది. నేను వెళ్లి అడ్డంగా నిలబడ్డాను.

"పిల్ల రావాలా, వద్దా?" అన్నాను.

గుడ్డ అక్కడే పడేసి మిషను ముందు కూర్చుంది.

నా గది తలుపు సంగతి చెప్పాలి. చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. భుజం వేసి నెడితే గానీ రాదు. అయినా ఆ తలుపంటే నాకిష్టం. పగలంతా మిషను రొద, వచ్చేపోయే జనం. అది మూసుకుంటే నా లోకం నాది.

వారం సగం గడిచాక ఒక పొద్దున ఎప్పటిలాగే భుజం వేసి నెట్టాను. కింద చూస్తే గడప వెంట సన్నగా పొడి. తలుపు తెలుపు. పొడి ఆకుపచ్చ.

మోకాళ్ల మీద కూర్చున్నాను. కోడలు వచ్చి చూసింది. అలవాటు కొద్దీ చేయి ముందుకొచ్చింది.

"ముట్టుకోకు."

చేయి వెనక్కి తీసుకుని నా పక్కనే కూర్చుంది. "అది రొట్టె తినేది ఇక్కడే కదా మామయ్యా."

"ఇక్కడే."

నన్నొక మాట అన్నా బాగుండేది.

తలుపు రోజూలాగే వేయమని తనిఖీ ఆమె చెప్పింది. చేయి రాలేదు గానీ ఆ రాత్రీ వేశాను. మర్నాడూ నెట్టాను. వారం నిండేదాకా వేశాను, నెట్టాను.

తనిఖీ ఆమె మళ్లీ వచ్చి ఇల్లంతా తుడిచి గుడ్డలు పరీక్షకు పంపింది. మిగతా చోట్ల సీసం ఉండీ లేనట్టే ఉంది. నా గడప దగ్గరి గుడ్డ లెక్క మాత్రం ఆమే రెండుసార్లు చదువుకుంది.

యజమాని వచ్చి తలుపు అటూ ఇటూ ఊపాడు. "దీనికింత హడావిడి దేనికి? అంచు కాస్త చిత్రిక పడితే సరి."

"చిత్రిక పడితే ఇల్లంతా పొడే. తలుపు తీసేయాలి, ద్వారబంధం రంగు తడిపి తీయాలి," అంది ఆమె.

"కొత్తది చేయించడానికి నెల పడుతుంది. అందాకా పెద్దాయనకి తలుపు లేకపోతే ఎలా?"

అందరూ నా వైపు చూశారు.

"తీసేయండి," అన్నాను. "ఇవాళే."

"మిషను చప్పుడు మీకు పడదు కదా మామయ్యా."

"పడుతుంది."

ఆ పని తెలిసిన మనుషులొచ్చి గది చుట్టూ ప్లాస్టిక్ పట్టలు కట్టారు. తలుపును తడిపి, శవాన్ని చుట్టినట్టు చుట్టి మోసుకుపోయారు. ద్వారబంధం పని కూడా అయ్యాక మంచం కింద నుంచి చీపురు తీసి కోడలికి ఇవ్వబోయాను.

"పొడి చీపురు కాదు, తడిగుడ్డ," అని తనిఖీ ఆమె మళ్లీ ఆపేసింది.

కోడలు వారం కసి అంతా తీర్చుకుంది. పదేపదే నీళ్లు మార్చి గోడ మొదలు దాకా తుడిచింది. ఆ తర్వాత తనిఖీ ఆమె మళ్లీ తుడిచి పంపిన గుడ్డల్లో ఏమీ తేలలేదు. ఈసారి నిజంగానే శుభ్రం.

చిట్టెలుక వచ్చింది. నెల తిరిగాక మళ్లీ నెత్తురు పరీక్ష చేయాలి. తగ్గుతుందన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున్నే గడప దగ్గరికొచ్చి పిడికిలి ఎత్తింది. కొట్టడానికి ఏమీ లేదు. ఎత్తిన చేయి అలాగే ఉంచి లోపలికి తొంగి చూసింది.

"తాతా, తలుపేదీ?"

"పోయింది," అని పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చాను.