చాయ్ వచ్చింది, ముచ్చట రాలేదు

వరంగల్ శివార్లలోని ఆ పత్తి జిన్నింగు మిల్లులో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం నాలుగు కాగానే మిషన్లు బాగుచేసే ఫిట్టర్లంతా చేతులు తుడుచుకుని గేటు బయట చాయ్ బండి దగ్గరికి పోతారు. వాళ్లలో ఒకే ఒక్క ఆడమనిషి శోభారాణి. ఆమె మాత్రం పోదు. ఆమె చాయ్ ఆమె దగ్గరికే వస్తుంది.

"అక్కా, చాయ్. సల్లారకముందే తాగు" అంటూ మధు గ్లాసు పెట్టి పోతాడు. అందరికంటే చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. బండి దగ్గర లారీ డ్రైవర్లుంటారు, సిగరెట్ పొగ, నోటికొచ్చిన జోకులు. అక్కలాంటి మనిషిని అక్కడ నిలబెట్టడం బాగుండదని అందరూ మొదట్లోనే అనుకున్నారు. మనమైనా దీన్ని గౌరవమనే అంటాం కదండీ. శోభారాణి కూడా అలాగే అనుకుంది. పొద్దున నెక్కొండలో రైలెక్కి నిలబడి వచ్చి, రోజంతా మిషన్ల కింద వంగి నడుము పట్టేసిన మనిషి. ఆ కాసేపు గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటే చాలనిపించేది.

అయితే బండి దగ్గర జోకులతోపాటు పని కూడా తేలిపోతుంది. ఏ మిషన్ ఆపాలో, ఏది నడపాలో ఫోర్‌మన్ సుదర్శన్ చాయ్ తాగుతూనే చెప్తాడు. అందరూ వింటారు. శోభారాణికి మాత్రం పని సగమయ్యాక తెలుస్తుంది. "గదేందక్కా, చాయ్ కాడ అనుకున్నం గద!" అంటారు. ఆమె విప్పిన నట్లు మళ్లీ బిగిస్తుంది. "నాకూ చెప్పుండ్రి" అని చాలాసార్లు అడిగింది. చివరికి అడగడానికి కూడా ఓపిక లేక మానేసింది.

ఆ రోజు పొద్దున సుదర్శనే ఆమెకు చెప్పాడు, చాయ్ కాగానే రెండో మిషన్ బెల్టు మార్చమని. ఆమె గబగబా చాయ్ తాగేసి, గోడకు అవతలున్న స్విచ్ ఆపి వచ్చి పని మొదలుపెట్టింది. అదే సమయంలో బండి దగ్గర సుదర్శన్‌కు ఫోన్ వచ్చింది. పరకాల నుంచి పత్తి లోడు వస్తోందట. "బెల్టు రేపు చూద్దాం. ఇయ్యాల రెండో మిషన్ నడిపియ్యాలె" అన్నాడు. అందరూ సరేనన్నారు. మధు లోపలికొచ్చి, ఆపి ఉన్న స్విచ్ చూసి వేసేశాడు.

బెల్టు ఒక్కసారి గుంజుకుంది. శోభారాణి చేతిలోని పానా ఎగిరిపోయి గోడకు తగిలింది. వేళ్ల మీద తోలు లేచిపోయింది. ఇంకొంచెం లోపలికి ఉంటే చెయ్యే పోయేది.

ఆమె అరుపు విని మధు స్విచ్ ఆపి ఉరికొచ్చాడు. ఆ వేళ్లు చూసి "అమ్మో, అక్కా!" అంటూ ఒక గుడ్డ తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

సుదర్శన్ కూడా వచ్చాడు. భయమంతా కోపమై బయటికొచ్చింది. "ఎవలనడిగి చెయ్యి పెట్టినవమ్మా?"

"పొద్దున మీరే చెప్పిండ్రు సార్."

"గది పొద్దుటి ముచ్చట. చాయ్ కాడ మార్చినం గద!"

"చాయ్ నా కాడికొచ్చింది సార్. ముచ్చట రాలే."

సుదర్శన్ ఆమె వేళ్ల వైపు చూశాడు. "ఇగ నీకీ మిషన్ల పని వద్దమ్మా. రేపటి సంది స్టోర్ల కూసో, ఫ్యాన్ కింద. ఏమన్నైతే మీ ఇంటోళ్లకు నేనేం చెప్పాలె?" అన్నాడు.

శోభారాణి ఇంట్లో వాళ్లతో కొట్లాడి ఐటీఐ చదివింది. ఒకసారి స్టోర్‌లో కూర్చుంటే తనను మళ్లీ ఫిట్టర్ అని ఎవరూ పిలవరు. వాదిద్దామంటే ఓపిక లేదు. అలసట అంతగా ఉంది.

అప్పుడు అందరికంటే పెద్దవాడు, పాత ఫిట్టర్ అబ్దుల్ కరీం ముందుకొచ్చాడు.

"జర ఆగు సుదర్శన్. స్విచ్ ఏసింది మధు. చెప్పంది మనమందరం. స్టోర్లకు పోవుడు మాత్రం ఆమెనా?"

"గట్ల కాదు కరీం భాయ్, ఆమె మంచికే..."

"ఆమె జాగల నేనుంటే? నన్నూ ఫ్యాన్ కింద కూసోబెడ్తుంటివా?"

"సరే భాయ్, స్టోర్ మాట ఇడిసిపెట్టు" అన్నాడు సుదర్శన్. కరీం శోభారాణి వైపు తిరిగి, "రేపటి సంది నువ్వు గూడ మాతోని చాయ్‌కి రా బిడ్డా" అన్నాడు.

ఆమె వేళ్లకు గుడ్డ చుట్టుకుంటూ తల అడ్డంగా ఊపింది. "వద్దు చాచా. మీ పొగ, మీ జోకులు మీరే ఉంచుకోండ్రి. కాసేపు కాళ్లు సాపుకోనియ్యుండ్రి నన్ను. చాయ్ ఏడన్న తాగుండ్రి. పని ముచ్చట మాత్రం మిషన్ కాడికొచ్చి, అందరున్నప్పుడు చెప్పుండ్రి. గంతే."

ఇంత చిన్న మాట. ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదు.

మరునాడు నాలుగింటికి మధు గ్లాసు తెచ్చాడు. వెనకాలే మిగతావాళ్లూ తాగీ తాగని గ్లాసులు పట్టుకుని రెండో మిషన్ చుట్టూ నిలబడ్డారు. సుదర్శన్ గొంతు సవరించుకుని, ఎటో చూస్తూ, "శోభమ్మా, బెల్టు ఇప్పుడు మారుద్దామంటవా, ఇయ్యాల్టి లోడు దించినంకనా?" అని అడిగాడు.

"ఇప్పుడే సార్" అంది, గోడ పట్టుకుని మెల్లగా లేస్తూ. "మధూ, నువ్వు స్విచ్ కాడనే నిలబడు. నేను చెప్పేదాక కదలకు."

"అక్కా, నువ్వు చెప్పేదాక ఊపిరి గూడ పీల్చ!" అన్నాడు మధు. ఆమె నవ్వింది.

ఆడమనిషికి మర్యాదగా చాయ్ పంపిస్తే గౌరవించినట్టు కాదండీ, పని గురించి మాట్లాడుకునే చోట ఆమెను కూడా నిలబెట్టుకుంటేనే అది గౌరవం.