కోలారు సర్టిఫికెట్

"దుడ్లియ్యరంట గదా, మరి యాల పోవాల?" అన్నాడు జగదీష్, దోసె తుంచుతూ.

అంబిక పెనం మీద ఇంకో దోసె తిప్పింది. డబ్బులివ్వని పనికి ఎందుకు పోవాలని మొగుడు కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. రాష్ట్రం ఇంకా విడిపోని రోజులవి. కుప్పం సత్రంలో ఆదివారాలు ఉచిత వైద్యశాల నడుస్తోంది. పక్క రాష్ట్రాల డాక్టర్లు, నర్సులు కూడా అక్కడ జీతం లేకుండా సేవ చేయొచ్చని ఆ వారమే ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అంబిక కోలారులో నర్సు చదువు చదివిందని ఎవరో చెబితే, క్రిష్ణగిరి నుంచి వచ్చే డాక్టర్ సావిత్రమ్మ "సర్టిఫికెట్ తీసుకుని రమ్మనండి" అని కబురు పంపింది.

ఆ సర్టిఫికెట్ పదకొండేళ్లుగా బీరువాలో పెళ్లిచీరల కింద పడి ఉంది. కోలారు ఆసుపత్రిలో ఐదేళ్లు పనిచేసిన మనిషి, రాష్ట్రం దాటి అత్తగారింటికి వచ్చేసరికి నర్సు కాకుండా పోయింది. "అది కర్ణాటక కాగితమమ్మా, ఈడ చెల్లదు. హైదరాబాదులో మార్పించుకోండి" అన్నారు ఇక్కడి ఆసుపత్రిలో. మార్పిద్దాంలే అన్నాడు జగదీష్. పండగ పోనీ అన్నాడు. కానుపు కానీ అన్నాడు. పిల్ల బడికి పోనీ అన్నాడు. ఒక్కసారి కూడా వద్దనలేదు, అందుకే ఆమెకు పోట్లాడే సందు దొరకలేదు. ఆ చెల్లని చేతులే వీధిలో అందరి జ్వరాలూ చూశాయి. మంచం పట్టిన మామను మూడేళ్లు పక్కకు తిప్పి, తుడిచి, ఒంటి మీద ఒక్క పుండు పడకుండా సాగనంపాయి. కోడలు ఏం చేస్తోందని చుట్టాలు అడిగితే మాత్రం అత్త ఆదిలక్ష్మమ్మ, "ఊరికే ఇంట్లోనే ఉండాది" అనేది.

ఊరికే. జీతం లేకుండా చేసినా ఆ మాటే, ఏమీ చేయకపోయినా ఆ మాటే. డబ్బు పుచ్చుకోనంతకాలం నీ చదువు చెల్లుతుందని ప్రభుత్వం ఇప్పుడు చెబుతోంది. ఇంట్లో ఆ అనుమతి తనకు ఎప్పుడో దొరికింది కదా అనుకుని నవ్వుకుంది అంబిక. అయినా ఆదివారం పొద్దున్నే వంట ముగించి, సత్రానికి వెళ్లింది.

పదకొండు గంటలప్పుడు పూలమ్మ అనే ఆమె దగ్గుతున్న బిడ్డను చంకనేసుకుని వచ్చింది. తను కూడా ఏడు నెలల కడుపుతో ఉంది. బిడ్డ పేరు రాసుకుంటూ అంబిక ఆమె కాళ్లు చూసింది. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే నిలిచిపోయింది.

"తలనొప్పి ఉండాదా?"

"నాకేం లేదమ్మా, బిడ్డకే దగ్గు. తలనొప్పి అందరికీ ఉండేదే గదా."

అంబిక పట్టీ చుట్టి బీపీ చూసింది. బాగా ఎక్కువగా ఉంది. అనుమానమేసి మళ్లీ చూసింది. కడుపుతో ఉన్న మనిషికి అంత బీపీ ప్రాణగండమని లేచి నేరుగా సావిత్రమ్మ దగ్గరకు వెళ్లింది. పావుగంటలో పూలమ్మను జీపెక్కించి పెద్దాసుపత్రికి పంపారు.

"నేనైతే బిడ్డకు దగ్గుమందు ఇచ్చి పంపేసేదాన్ని. ఆమె కాళ్లు చూసేదాన్నే కాదు" అంది సావిత్రమ్మ. తర్వాత చాలా మామూలుగా, "సిస్టర్, ఆ తర్వాతి పేషెంటును పిలవండి" అంది.

సిస్టర్. ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. అంబిక తర్వాతి పేరు పిలిచింది.

మరుసటి ఆదివారం పూలమ్మ మొగుడు కదిరప్ప వచ్చాడు. "ఆపరేషన్ చేసినారమ్మా. బిడ్డ పిడికెడంత ఉండాడు గానీ ఇద్దురూ బతికినారు" అని చెప్పి, చేతులు జోడించబోయి ఏడ్చేశాడు.

సోమవారం పొద్దున అంబిక మొగుడితో అంది: "బుధవారం హైదరాబాదుకు పోతాండా. నా రిజిస్ట్రేషన్ మార్పించుకుని వస్తా. మూడు దినాలు పడతాది."

"నేను ఎవరినైనా కనుక్కుంటాలే. కొన్నాళ్లు ఆగి..."

"రైలు టికెట్ తీసుకున్నా. ఆదివారాలు సత్రానికి పోతానే ఉంటా, అది నా ఇష్టం. మిగతా దినాలు జీతానికి చేస్తా."

జగదీష్ ఏదో అనబోయాడు. అంతలో లోపల్నుంచి ఆదిలక్ష్మమ్మ కంగారుగా అడిగింది: "మరి నాకు షుగర్ సూది ఎవురేస్తారు?" రోజూ పొద్దున ఆ సూది వేసేది అంబికే.

అంబిక చేతులు కడుక్కుని మందు సిరంజిలోకి ఎక్కించింది. జగదీష్‌ను మంచం దగ్గరకు పిలిచి, సిరంజి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిరిగి ఇచ్చేయబోయాడు.

"నావల్ల కాదు, అంబికా."

"భయపడొద్దండి" అంది, ఆయన బొటనవేలు సర్దుతూ. "నేర్చుకుంటే వచ్చే పనే."