నాలుగు వేళ్ళ తెర

తువ్వాలు టీవీ మీద కప్పి, అడుగున నాలుగు వేళ్ళ మందం మాత్రం వదిలి, రాజ్యలక్ష్మి క్యాసెట్ మిషన్ మీట నొక్కింది. ఆ సందులో ఎవరివో తెల్లటి కాళ్ళు మెట్లు దిగుతూ కనిపించాయి. మడమలు వెనకే ఉన్నాయి, వేళ్ళు ముందుకే ఉన్నాయి. అమ్మయ్య, మనిషే.

అరవై దగ్గర పడుతున్నా దెయ్యం సినిమా అంటే ఆవిడకు హడలు. అలాంటి మనిషికి దొరక్క దొరక్క దెయ్యాల కొట్లోనే ఉద్యోగం దొరికింది చూడండి! బెంజ్ సర్కిల్ పక్క సందులో, మూడో అంతస్తులో చక్రి ఆఫీసు. ఇంట్లో సోఫా మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని పాత దెయ్యం సినిమాలూ డిటెక్టివ్ సినిమాలూ చూసే వాళ్ళ కోసం అతను నెట్‌లో ఒక ఛానల్ నడుపుతున్నాడు. అన్నీ హాలుకొచ్చి వారం తిరక్కుండానే ఎత్తేసిన చిన్న సినిమాలు. వాటి రీళ్ళు ఎప్పుడో మట్టి కొట్టుకుపోయాయి. మిగిలినవల్లా ఊళ్ళలో అటకల మీద పడున్న వీడియో క్యాసెట్లే.

ఆ క్యాసెట్లు గోతాల్లో వచ్చి పడతాయి. చాలా వాటికి తెల్లగా బూజు పట్టి ఉంటుంది. రాజ్యలక్ష్మి మరలు విప్పి, టేపును వేళ్ళ మధ్య నుంచి పోనిస్తూ, స్పిరిట్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. మళ్ళీ బిగించి, మిషన్లో పెట్టి బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో చూడాలి. గీతలు పడితే ముందు బొమ్మ అడుగునే పడతాయి. అది కనిపెట్టాక ఆవిడ ఇంటి నుంచి ఒక తువ్వాలు తెచ్చుకుంది. అడుగున ఆ కాస్తా కనిపిస్తే పని జరిగిపోతుంది, పై భాగంలో ఎవరు గోళ్ళు పెంచుకుని తిరిగితే మనకెందుకు?

"ఇందులో హీరో ఎవరాంటీ?" అని ఆటపట్టించేది పక్క బల్ల దగ్గర హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్లో పనిచేసే భానుశ్రీ.

"ఏమోనమ్మా. హంతకుడు మాత్రం కిర్రుచెప్పుల వాడే."

రాజ్యలక్ష్మి భర్త వెంకటకృష్ణారావు చల్లపల్లిలో వీడియో కొట్టు నడిపేవాడు. క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు, పెళ్ళిళ్ళకు కెమెరా పట్టేవాడు. దెయ్యం సినిమాలంటే ఆయనకు ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీలన్నీ మూసి, పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ వేసేవాడు. ఆవిడ కెవ్వుమంటే చాలు, పడీపడీ నవ్వేవాడు. చక్రి ఆయనకు మేనల్లుడు. ఆ ఇంట్లోనే తిని, ఆ కొట్లోనే కెమెరా పట్టడం నేర్చుకున్నాడు. గుండె ఆగి ఆయన పోయాక రాజ్యలక్ష్మి ఇబ్రహీంపట్నంలో తమ్ముడి ఇంటికి చేరింది. అప్పుడు చక్రే వచ్చాడు. "నా దగ్గరకి రా అత్తయ్యా, ఊరికే కూర్చుంటే నీకేం తోచుద్ది?" అన్నాడు. మావయ్య క్యాసెట్లన్నీ వ్యానెక్కించుకుని పోయాడు. కడుపున పుట్టకపోయినా కొడుకే అనుకుని మురిసిపోయింది పిచ్చితల్లి.

ఆ క్యాసెట్లలో "లాకుల బంగళా" అని ఒకటుంది. పోయిన వేసవిలో దాన్ని తుడిచి మిషన్లో పెట్టింది. సినిమా అయిపోయింది. ఆపబోతుంటే కెవ్వున కేక వినిపించింది. ఆ కేక తనదే! తువ్వాలు లాగేసింది. తెర మీద చల్లపల్లి ఇంట్లో ముందుగది. గళ్ళచీర కొంగు మొహం మీదికి లాక్కుని, వేళ్ళ సందుల్లోంచి తొంగిచూస్తున్న తను. పెళ్ళిళ్ళ కెమెరాతో ఆయన చాటుగా తీసి, ఆ క్యాసెట్ చివర మిగిలిన టేపులో ఎక్కించి ఉంటాడు. ఒక్క మాటైనా చెప్పలేదు దొంగ! కెమెరా వెనక నుంచి నవ్వు వినిపించింది. ఆ తర్వాత మాట.

"భయపడకే రాజ్యం, నేనున్నాగా."

రాజ్యం అని ఆవిడను పిలిచింది లోకంలో ఆయనొక్కడే. ఊరందరి పెళ్ళిళ్ళూ తీసిన మనిషికి తన వీడియో ఒక్కటి లేదు. గొంతు దొరికింది కదా, చాలనుకుంది. ఇంకోసారి వేసి, చక్రిని పిలిచి వినిపించింది. అతనూ కళ్ళు తుడుచుకున్నాడు.

"అత్తయ్యా, మళ్ళీ మళ్ళీ వెయ్యబాకు, తిప్పేకొద్దీ అరిగిపోద్ది. చెన్నై నుంచి మంచి మిషన్ తెప్పిస్తన్నా. దాంట్లో ఎక్కించి నీ ఫోన్లో వేసిస్తా. ఎవరికీ చూపించనులే, ఒట్టు."

టేపు అరిగిపోతుందని ఆవిడకు మాత్రం తెలియదా? క్యాసెట్‌ను అతని చేతిలోనే పెట్టింది. ఆ తర్వాత ఎన్నిసార్లు మనసు పీకినా నోరు కట్టేసుకుంది. మిషన్ ఎప్పుడొస్తుందని అడిగితే "వచ్చేస్తంది అత్తయ్యా" అనేవాడు. మొన్న సోమవారం కూడా అదే మాట. ఆ మాట పట్టుకునే రోజూ బస్సెక్కి వస్తోంది, ఆ బూజంతా పీలుస్తోంది.

ఈ రోజు మధ్యాహ్నం పెరుగు ప్యాకెట్ కోసం కిందికి దిగింది. కొట్టు ముందు ఇద్దరు ఆటోవాళ్ళు ఫోన్లోకి తలలు దూర్చి నవ్వుకుంటున్నారు. ఫోన్లోంచి కెవ్వుమని కేక. ఆవిడ కాళ్ళు నిలిచిపోయాయి. తన కేక తనకు తెలియదా? ఆ వెంటనే వచ్చే మాట కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుంది.

"భయపడకే బంగారం, నేనున్నాగా," అంది తేనె పూసినట్టున్న కుర్రగొంతు ఏదో.

"భలే అరిచిందిరా ఆవిడ! ఇంకోసారి పెట్టు," అన్నాడు ఒకతను.

పెరుగు ప్యాకెట్ కొట్లోనే మరిచిపోయి మూడంతస్తులూ ఎక్కింది రాజ్యలక్ష్మి. ఆయాసపడుతూనే ఆ కేక సంగతి భానుశ్రీని అడిగింది.

"అదా ఆంటీ? మన ఛానల్లో ప్రతి సినిమాకీ ముందు వచ్చే బిట్ కదండీ. దసరా నుంచీ వేస్తున్నాం. ఎవరో పాతకాలపావిడంట, మొహం మసకేశాం. వెనకాల ఎవరో మాట్లాడతారు గానీ అంతా గరగర. రేడియోలో చేసే అతన్ని పిలిపించి మళ్ళీ చెప్పించారు సార్."

"ఆ పాతకాలపావిడ నేనేనమ్మా."

భానుశ్రీ చేయి మౌస్ మీదే ఆగిపోయింది. "అయ్యో ఆంటీ, నాకు నిజంగా తెలీదండీ," అంది సన్నగా.

చక్రి గది తలుపు తోసింది రాజ్యలక్ష్మి. అతను తలెత్తి ఆవిడ మొహం చూసి, సంగతి గ్రహించి, నవ్వు పులుముకున్నాడు.

"జనం ఎంత ముచ్చట పడతన్నారో తెలుసా అత్తయ్యా? నీ కేక వినందే సినిమా మొదలెట్టట్లేదు. అయినా నువ్వని ఎవరికి తెలుసు?"

"మీ మావయ్య గొంతేదిరా?"

"దాంట్లో ఏం బాలేదు అత్తయ్యా, అంతా రొద."

"రొదైతే నాకియ్యి. నాకు బాగానే ఉంటది."

అతను ఫోన్‌ను ఇటు తిప్పి అటు తిప్పాడు. "చివర ముక్క మిషన్లో చుట్టుకుపోయింది. కోసేశాం. ఫైలు కూడా... కొత్త గొంతు పెట్టాక పాతది ఎవరుంచుతారు? చెరిపేశారు."

"ఎప్పుడు?"

"దసరాకి ముందు."

"మరి మొన్న సోమవారం మిషన్ వస్తందన్నావు?"

"చెబితే బాధపడతావని..."

"నువ్వొద్దంటేగదరా నేను వినకుండా ఉన్నది!" ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది. "అరిగిపోద్దని చెప్పి నోరు మూయించావు. నేను వినుంటే అరిగేది, అరిగితే అరిగేది. అరిగిందంతా నా చెవుల్లోకే పోయేది గదరా! ఆయన నీకు అన్నం పెట్టాడు, చేతికి కెమెరా ఇచ్చాడు. ఆయన గొంతు కోసి పారేశావు. పారేసి, నన్ను ఇన్నాళ్ళూ వాకిట్లో కూర్చోబెట్టావు."

చక్రి కుర్చీలోంచి లేచాడు. బీరువా తెరిచి "లాకుల బంగళా" తీసి బల్ల మీద పెట్టాడు.

ఆవిడ దాన్ని తెచ్చి మిషన్లో పెట్టింది. చివర ఎక్కడ కోశారో, ఎంత కోశారో తన కళ్ళతో చూస్తే గానీ నమ్మబుద్ధి కాలేదు. ఒక్క నవ్వయినా మిగిలి ఉండవచ్చు కదా. తువ్వాలు తీసి కుర్చీ వీపు మీద వేసి, మొదటి నుంచీ చూసింది. ఇన్నేళ్ళూ కాళ్ళు మాత్రమే చూసిన మనుషులకు మొహాలు వచ్చాయి. లాకుల దగ్గర నీళ్ళలోంచి దెయ్యం లేచింది. పిండి పూసిన బుగ్గలు, చెంపల దగ్గర ఊడిపోతున్న సవరం. ఆవిడ రెప్ప వేయలేదు. భయపడితే ధైర్యం చెప్పడానికి ఎవరున్నారని?

సినిమా అయిపోయింది. బొమ్మ గిర్రున తిరిగిపోయి తెర నీలంగా నిలబడిపోయింది. చప్పుడు లేదు.

"కాస్త టీ తాగండాంటీ," అంది భానుశ్రీ.

"వద్దమ్మా."

పొద్దున విప్పి వదిలేసిన క్యాసెట్ ఒకటి బల్ల మీద నోరు తెరుచుకుని ఉంది. దాన్ని తుడిచి, మరలు బిగించి, పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది. చక్రి గుమ్మం దాకా వచ్చాడు. "రేపు గుడివాడ నుంచి ఇంకో గోతం వస్తంది అత్తయ్యా, వస్తావుగా?" అన్నాడు.

రాజ్యలక్ష్మి చెప్పులు వేసుకుంది. రెండో అంతస్తు మలుపులో దీపం ఉండదు. రోజూ అక్కడ ఎవరో ఒకరు తోడు వచ్చేదాకా నిలబడేది. ఈ పూట ఆగలేదు. ఆ చీకట్లోంచే కిందికి దిగి, ఇబ్రహీంపట్నం బస్సు కోసం నడిచిపోయింది.

మర్నాడు ఆవిడ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. గోతాలు మూతి విప్పకుండానే మూలకు చేరాయి. కుర్చీ వీపు మీద తువ్వాలు మాత్రం ఆవిడ వేసినట్టే వేలాడుతోంది, అడుగున నాలుగు వేళ్ళ మేర ఎత్తి ఎత్తి నిలిచిపోయిన మడతతో.