చాటింపుకు ముందు

నాయన వ్యాన్ కొన్న ఏడాది, మార్చి వచ్చేదాకా, మా ఇంట్లో ఒక్క ఆదివారం కూడా పొయ్యి మీద మధ్యాహ్నం అన్నం ఉడకలేదు. తొంభై ఏడు జూన్‌లో, సరిగ్గా బడులు తెరిచే వారం, పాకాలలో ఎవరో పాత మారుతి వ్యాన్ అమ్ముతున్నారని తెలిసి, బస్సులో పోయి వ్యాన్‌లో తిరిగి వచ్చాడు. వాకిట్లో ఆపి, హారన్ కొట్టి, వీధి వీధంతా బయటికి వచ్చేదాకా కిందికి దిగలేదు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి పక్క సందులో మాకు గాజుల షాపు ఉండేది. వారమంతా అక్కడ కూర్చుని ఆడవాళ్ళ చేతులకు గాజులు తొడిగే బాలచంద్ర, ఆదివారం పొద్దున షాపును పనివాళ్ళకు వదిలేసి స్టీరింగ్ పట్టుకున్నాడంటే వేరే మనిషి. అమ్మ పంకజాక్షి నాలుగు గంటలకే లేచి పులిహోర కలపాలి. తమ్ముడు రూపేష్ చేతిలో నిమ్మకాయ పట్టుకుని కిటికీ పక్కన కూర్చోవాలి. ఎందుకంటే చంద్రగిరి దాటేలోపే వాడికి వాంతి వచ్చేది. నేను ముందు సీట్లో, నాయన పక్కన.

తలకోనలో జలపాతం పక్కనున్న బండలెక్కి, పైనుంచి అందరినీ పిలిచింది నేను. చంద్రగిరి కోటలో పైకోట దాకా పోయి వచ్చింది కూడా నేనే. రూపేష్ సగంలోనే కూర్చుని, కాలు బెణికిందని ఏడ్చాడు. సెప్టెంబరులో రాకెట్ చూపిస్తానని నాయన మమ్మల్ని బడి మాన్పించి సూళ్లూరుపేట తీసుకుపోయాడు. రోడ్డు పక్క ఎండలో నిలబడి ఉంటే, దూరంగా చెట్ల పైన నిప్పు లేచింది. శబ్దం ఆ తర్వాత వచ్చింది. రూపేష్ చెవులు మూసుకుని అమ్మ కొంగులో దూరాడు. నేను వ్యాన్ పైకెక్కి చూశాను. పక్కన నిలబడిన వాళ్ళెవరో, పడుతుందేమో దింపమని చెబితే, నాయన నవ్వాడు.

"అది పడేది కాదప్పా. మేకపిల్ల. ఈ ఇంట్లో మొగోడు యాడన్నా ఉంటే అది నా కూతురే" అన్నాడు.

నాకు పదమూడేళ్ళు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సోమవారాలు బడిలో నా పరిస్థితి వేరు. మోకాళ్ళు చెక్కుకుపోయి, హోంవర్కు లేకుండా, కళ్ళు మూతలు పడుతూ వచ్చేదాన్ని. లెక్కల టీచరు బెంచీ ఎక్కించేది. ఎనిమిదో తరగతిలో నేను చదువుకన్నా బెంచీ మీద నిలబడిందే ఎక్కువ. నన్ను కాపాడింది డ్రిల్లు మాస్టరు వెంకటముని సారు. ఆయనకు నేను బెంచీ మీద కాక గ్రౌండులో కావాలి. సంక్రాంతి సెలవులకు ముందు చిత్తూరులో జిల్లా పోటీలకు తీసుకుపోయి, చెప్పుల్లేని కాళ్ళతో ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తించాడు. మొదట వచ్చాను. ఆ రోజు నాయన అందరినీ వ్యాన్‌లో వేసుకుని వచ్చి, తాడు అవతల నాతోపాటు పరుగెత్తి, సగంలో ఆయాసపడి కూలబడ్డాడు. కప్పును ఇంటికి తేలేదు. షాపులో గాజుల పెట్టెల నడుమ, వచ్చేవాళ్ళకు ముందు కనబడేటట్టు పెట్టాడు. గాజులకు వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆ కప్పు కథ విని గానీ కదలడానికి లేదు.

వెంకటముని సారు ఆ నెలలోనే షాపుకు వచ్చి చెప్పాడు. కడపలో క్రీడల హాస్టలు ఉంది. తొమ్మిదిలో చేరేవాళ్ళను మాత్రమే తీసుకుంటారు. చదువు, తిండి, పరుగు అన్నీ అక్కడే. మే నెలలో ఎంపిక. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఏడాదికి వయసు దాటిపోతుంది.

"ఆ పిల్ల కాళ్ళకు ఈ ఊరు సాలదు బాలచంద్రా" అన్నాడు సారు.

"మీరు చెప్పినాక ఇంకేముండాది సార్. నా వ్యాన్‌లో నేనే దించుతా" అన్నాడు నాయన. ఆ రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదు. పొద్దున్నే లేచి అలిపిరి దాకా పరుగెత్తి వచ్చేదాన్ని. బస్సు మీద కడప పేరు కనబడితే అది మా ఊరి పేరులా అనిపించేది.

మార్చిలో పెద్దమనిషినయ్యాను.

అత్తలూ పిన్నమ్మలూ వచ్చారు, చాప మీద కూర్చోబెట్టారు, పసుపు రాశారు, పట్టు లంగా ఓణీ కట్టించి ఫోటోలు తీయించారు. అదంతా సరే, అందరిళ్ళల్లో జరిగేదే. ఆ తర్వాతి ఆదివారం నేను మామూలుగా లేచి ముందు సీట్లో కూర్చోబోతే, నాయన నా వైపు చూడకుండా, "నువ్వు ఇంట్లో ఉండు పాపా, అమ్మకు తోడుగా" అన్నాడు. హార్స్‌లీ హిల్స్‌కు నాయన, రూపేష్, నిమ్మకాయ పోయారు. పోయేటప్పుడు రూపేష్ నా దగ్గరికి వచ్చి, "నాకు పోవాలని లేదక్కా, నువ్వే పో" అని ఏడుపు మొహంతో చెప్పాడు. వాడి తప్పేముంది. ఇష్టం ఉన్నదాన్ని ఇంట్లో పెట్టి, లేనివాణ్ణి కొండెక్కించే తెలివి మా నాయనది.

షాపులో గాజుల నడుమ ఉన్న కప్పు కూడా ఆ నెలలోనే లోపలి అరలోకి పోయింది.

అయినా కడప సంగతి ఎవరూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడేదాన్ని. సారు అడిగిన ప్రతిసారీ నాయన "తప్పకుండా" అన్నాడు. ఏప్రిల్ చివర్లో తేదీ తెలిసింది. మే నెల, బుధవారం పొద్దున ఆరింటికల్లా కడప గ్రౌండులో ఉండాలి. అంటే మంగళవారం రాత్రి అక్కడే పడుకోవాలి. సారు సోమవారమే పోయి అక్కడ ఉంటానన్నాడు. క్యాలెండరు చూసి ముందు ఉలిక్కిపడింది అమ్మ. ఆ మంగళవారం రాత్రే గంగజాతర చాటింపు.

తిరుపతి వాళ్ళకు ఈ కట్టు చెప్పక్కర్లేదు. గంగమ్మ జాతరకు చాటింపు వేశాక వారం రోజులు ఊరివాళ్ళు పొలిమేర దాటి పోయి బయట నిద్ర చేయకూడదు. చేస్తే అమ్మవారికి కోపం వస్తుందంటారు. అయితే కట్టు ఎంత పాతదో, దాన్ని తప్పించుకునే దారీ అంతే పాతది.

"చాటింపుకు ముందే ఊరు దాటితే తప్పు లేదు" అంది అమ్మ. "పురుళ్ళకూ ఆస్పత్రులకూ మా అమ్మ కాలం నుంచీ అట్లే పోతాండారు. మంగళవారం మధ్యాహ్నమే బయలుదేరండి."

"అట్లే పోదాంలే" అన్నాడు నాయన. ఆదివారమూ అదే మాట, సోమవారమూ అదే మాట.

మంగళవారం అమ్మ నా బట్టలు, పులిహోర, సారు ఇప్పించిన కొత్త బూట్లు సంచిలో సర్ది వాకిట్లో పెట్టింది. నాయన భోంచేసి కునుకు తీశాడు. లేచి తలస్నానం చేశాడు. ఆ తర్వాత గేరు గట్టిగా పడుతోందని వ్యాన్‌ను షెడ్డుకు తోలుకుపోయాడు. ఏడాది పొడుగునా కొండలెక్కిన గేరు, ఆ రోజే గట్టిపడింది. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అది. నేను వీధి చివరకూ ఇంటికీ తిరుగుతూనే ఉన్నాను. పొద్దు వాలుతుండగా వచ్చాడు. నడిచి వచ్చాడు.

"వ్యాన్ రేపు గానీ ఇయ్యరంట" అన్నాడు.

"బస్సులో పోదాం నాయనా. ఇప్పుడు పోయినా చాటింపుకు ముందే దాటిపోతాం" అన్నాను.

ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, నింపాదిగా మెట్టు మీద కూర్చున్నాడు. "పోయేది చాటింపుకు ముందే పాపా. కానీ నిద్ర చేసేది చాటింపు అయినాకే గదా. అది తప్పే. ఈడ పుట్టి పెరిగినోళ్ళం, ఈడి కట్టు మనం మీరకూడదు."

ఈ ధర్మసూక్ష్మం ఆదివారం లేదు. సోమవారం లేదు. మంగళవారం పొద్దు వాలాక పుట్టింది.

అమ్మ ఊరుకోలేదు. "పోయినేడు జాతరలో గాజులకని మద్రాసు పోయి రెండు రాత్రులు పండుకోలేదా నువ్వు? అప్పుడు యాడ పోయింది కట్టు?"

"అది యాపారం. గంగమ్మకు తెలుసు" అన్నాడు నాయన. తర్వాత గొంతు తగ్గించి, నేను అక్కడ లేనట్టే అమ్మతో అన్నాడు. "వయసొచ్చిన పిల్ల. ఆ పొట్టి నిక్కరు ఏసుకుని ఊరుగానీ ఊర్లో మొగోళ్ళ ముందర ఉరుకుతాదా? రేపు నలుగురూ నన్నేమంటారు?"

అమ్మ నా వైపు చూసింది.  తర్వాత వాకిట్లో సంచి తీసుకుని లోపలికి పోయింది. ఆమె మీద కూడా నాకు కోపమే. అంతదూరం వాదించిన మనిషి ఇంకొక్క అడుగు వేసి, నా చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిచి ఉంటే ఏమయ్యేది?

ఆ రాత్రి చాటింపు వేశారు. నేను బూట్లు వేసుకునే పడుకున్నాను, ఎందుకో తెలియదు. బుధవారం గడిచింది. వెంకటముని సారు కడప నుంచి తిరిగి వచ్చి, మా ఇంటికి రాకుండా నేరుగా తన ఇంటికి పోయాడని వీధిలో ఎవరో చెప్పారు.

ఆ వారమంతా ఊరు వేషాలతో ఊగిపోయింది. ఆఖరి రోజు మగవాళ్ళు చీరలు కట్టి గుడికి పోతారు. నాయనకు ఏటా మొక్కు ఉంది. అమ్మ పట్టుచీర కట్టుకున్నాడు, షాపు నుంచి డజన్ల కొద్దీ గాజులు తెచ్చి వేసుకున్నాడు. నా ఫంక్షన్‌కు కొన్న జడగంటలు సవరానికి తగిలించి, "బాగుండాదా పాపా" అని నన్నే అడిగాడు. మీసం మాత్రం తీయలేదు. ఆడపిల్లను ఇంట్లో పెట్టి, తానే ఆడవేషం కట్టి, నడుం తిప్పుకుంటూ ఊరంతా తిరగబోతున్నాడు. ఏ నలుగురు ఏమంటారని భయపడ్డాడో, ఆ నలుగురే దారి పొడుగునా ఈలలు వేశారు.

రూపేష్‌కు ఒంటినిండా కుంకుమ పూసి, వేపమండలు చేతికిచ్చారు. జాతరలో వేషం కట్టిన పిల్లలు ఎదురొచ్చిన వాళ్ళను బూతులు తిట్టాలి. ఆ వారంలో తిట్టు తిట్టు కాదు, అమ్మవారికి మొక్కు. పడినవాళ్ళు నవ్వాలే తప్ప కోపం తెచ్చుకోకూడదు. నేనూ వాళ్ళ వెంటే పోయాను. గుడి ముందు జనంలో నాయన ఆగి, గాజుల చేయి ఊపుతూ రూపేష్‌ను రెచ్చగొట్టాడు.

"తిట్టరా. నన్నే తిట్టు. అమ్మ సంతోషపడతాది."

వాడు నోరు తెరిచాడు, మూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను వాడి చేతిలోని వేపమండ లాక్కున్నాను.

"అబద్ధాల నా కొడకా" అన్నాను నాయన మొహం మీద. "మాటిచ్చి తప్పిన దొంగ నా కొడకా. నా కాళ్ళు ఇరగ్గొట్టి నా గంటలు కట్టుకుని ఎగురుతాండావే, సిగ్గులేదా నీకు? కట్టంట, కట్టు. నీకొక కట్టు, నాకొక కట్టా?"

ఆ తర్వాత అన్నవి రాయలేను. పోయిన వారమంతా వీధిలో విన్నవన్నీ వాడాను. గొంతు పగిలి, ఒళ్ళు వణికిపోయి, ఏడుస్తూ తిట్టాను. జనం మొదట నవ్వారు, తర్వాత నవ్వడం ఆపారు. డప్పులవాళ్ళు దగ్గరికి వచ్చి వేగం పెంచారు. నాయన మొహం తెల్లబోయింది. ఆ ఒక్క క్షణం నాకు ప్రాణం లేచి వచ్చింది. తగిలింది, అనుకున్నాను. ఇప్పుడు చెబుతాడు, తప్పు చేశాను పాపా అంటాడు.

ఎవరో ముసలామె నా కాళ్ళ మీద చెంబుతో నీళ్ళు పోసి, నుదుట ఇంత కుంకుమ పెట్టింది. "గంగమ్మ పలుకుతాండాది. అడుగప్పా, ఏం తప్పు జరిగిందో అడుగు" అంది.

నాయన పట్టుచీరతో, గాజుల చేతులతో, నడిరోడ్డు మీద నా ముందు సాగిలపడ్డాడు. తల ఎత్తకుండా, అందరూ వినేటట్టు మొక్కాడు.

"బుద్ధి లేక పిల్లను తీసుకుని పొలిమేర దాటాలనుకుంటిని తల్లీ. తప్పు కాయి. ఇంకెప్పుడూ దాన్ని యాడికీ పంపను."

జనం గోవిందలు కొట్టారు. నేను నేనేనని, కడప పోవాల్సిన భానుశ్రీనని చెప్పడానికి నోరు తెరిచాను. గొంతు లేదు, పోయింది. నాయన లేచి, కళ్ళు తుడుచుకుని, భయభక్తులతో నా చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు.

గంగమ్మ ఆయన్ను క్షమించిందేమో నాకు తెలియదు. నేను క్షమించలేదు.