పైడిరాజు కుడికాలు

నేను ఒక బ్రేకు పెడల్‌ని. అరచేయంత ఇనప ముక్క, దాని వెనక మూరెడు కడ్డీ. అందంగా చెప్పడం నాకు రాదు. అందంగా చెప్పేవాళ్ళ మీద నమ్మకమూ లేదు. ఉన్నది చెబుతాను.

జపాన్‌లో ఒక షెడ్డులో నన్ను ప్రెస్సు కింద పెట్టి ఒక్క దెబ్బకు వంచారు. ఆ ప్రెస్సు నడిపిన ఆవిడ రోజుకు వెయ్యి పెడళ్ళు వంచేది, సాయంత్రం సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి పోయేది. తర్వాత తొమ్మిదేళ్ళు ఒక పళ్ళ డాక్టరు నన్ను తొక్కాడు. కారు పాతబడిందని ఓడెక్కించి శ్రీలంక పంపేశారు. ఒకడికి పనికిరానిది ఇంకొకడికి కొత్తది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో వాళ్ళనే అడగాలి.

కాండీలో నిహాల్ అనే ఆయన ఆ కారు కొని అద్దెకు తిప్పడం మొదలుపెట్టాడు. డ్రైవరు ఉండడు. తాళం చేతికిస్తాడు, వచ్చినవాళ్ళే నడుపుకోవాలి. ఆ దేశం చాలా అందమైనదట. కొండలు, జలపాతాలు, తేయాకు తోటలు, పొద్దున్నే మంచు. నేను చూడలేదు. నేనుండే చోటికి కాళ్ళు తప్ప ఏమీ కనబడవు. జర్మనీ బూట్లు చూశాను, సముద్రపు ఇసుక అంటిన మడమలు చూశాను. పైన నోళ్ళు కొండల్ని పొగుడుతుంటే కింద కాళ్ళు నన్ను తొక్కేవి. ఏడాది కిందట నా మీది రబ్బరు ఊడిపోయింది. వచ్చే వారం వేయిద్దామన్నాడు నిహాల్. వారాలు వచ్చాయి, రబ్బరు రాలేదు. నా అంచు కత్తిపీటలా తేలింది.

అలాంటప్పుడు విశాఖపట్నం నుంచి పైడిరాజు దిగాడు, భార్య వరాలమ్మతో. అతను నలభై ఏళ్ళు గూడ్సు ఇంజన్లు నడిపి రిటైరైనవాడు. అరకు కొండల మీదుగా ఇనుపరాయి రేవుకు దించేవాడు. ఆ రాయి ఓడల్లో జపాన్ పోయేది. నన్ను చేసిన ఇనుము అతను మోసిందేనేమో, నాకు తెలియదు. మోసినవాడికీ తెలియదు.

"ఒసే వరాలూ," అన్నాడు స్టీరింగు పట్టుకుని, "నలబై ఏళ్ళు పట్టాలెటు తిప్పితే అటెల్లాను. ఈ వారం దినాలు నానెటు తిప్పితే అటెల్లాల."

"ఎటైనా తిప్పండి గాని, అన్నం దొరికే సోటికి తిప్పండి," అంది ఆవిడ.

ఇంజను నడిపేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడితే పైలట్, అంటే నడిపేవాడు, పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరి నోటా ఒకే మాట వస్తేనే అది నిజం. పైడిరాజుకు ఆ అలవాటు పోలేదు. అసిస్టెంటు సీట్లో పెళ్ళాన్ని కూర్చోబెట్టాడు.

"మలుపు."

"మలుపు."

"ఆవు."

"ఆవు. ఆవుక్కూడా సిగ్నలేటండీ?"

"కదిలిందల్లా సిగ్నలే. తిరిగి సెప్పు."

కొండల్ని ఇద్దరూ చూడలేదు. మలుపులూ లారీలూ లెక్కపెట్టుకుంటూ నువర ఎలియ దాకా ఎక్కారు. విహారయాత్రకు వచ్చి కూడా డ్యూటీ చేసేవాళ్ళు ఉంటారు. డ్యూటీ తీసేస్తే తమలో ఏమీ మిగలదని వాళ్ళ భయం.

ఇక అతని కుడికాలు. మామూలు కాలు నా మీదికి వచ్చేముందు వేళ్ళతో కాస్త తడుముతుంది, చోటు చూసుకుంటుంది, అప్పుడు నొక్కుతుంది. ఈ కాలు తడమలేదు. బస్తా దించినట్టు వచ్చి పడేది. కొన్నిసార్లు నా మీద సగమే పడేది, మిగతా సగం గాల్లో ఉండేది, ఆ సంగతి పైన మనిషికి తెలిసేది కాదు. రెండో రోజుకు చెప్పులు విడిచి ఉత్తికాలితో తొక్కడం మొదలుపెట్టాడు. అప్పుడైనా తెలుస్తుందేమోనని. తెలియలేదు. నాలుగో రోజు పొద్దున నా అంచు అతని పాదం కోసింది. కాలు వెనక్కి పోలేదు. రక్తం నా మీదుగా కాళ్ళ కింది చాపలోకి కారుతుంటే అతను పైన "మలుపు" అంటున్నాడు. ఇంతమందిని మోశాను, అలాంటి కాలు చూడలేదు.

ఆ పొద్దునే రంబొడ వైపు దిగుతున్నారు. అన్నీ హెయిర్‌పిన్ వంపులే. ఒక వంపు తిరగ్గానే రోడ్డు మీద తేయాకు కోసే ఆడవాళ్ళు, నెత్తిన మూటలు.

"మనుషులు," అన్నాడు పైడిరాజు.

"మనుషులు," అంది వరాలమ్మ.

"బ్రేకు ఏశాను."

వేయలేదు. కాలు నాకూ పక్క పెడల్‌కూ మధ్య నేల మీద ఉంది. నేను ఎక్కడున్నానో అక్కడే ఉన్నాను. కారు ఆగలేదు.

"ఏవండీ, ఆగట్లేదు."

అతని ఎడమచెయ్యి దానంతటదే హేండుబ్రేకు లాగేసింది. ఇంజన్లో బ్రేకు చేత్తోనే వేస్తారు, ఆ చేతికి నలభై ఏళ్ళ చదువుంది. కారు అడ్డంగా జారి, మూటలు పడేసి పరిగెత్తిన ఆడవాళ్ళకు నాలుగు బారల దూరంలో ఆగింది.

పైడిరాజు తలుపు తీసి కాళ్ళు బయట పెట్టాడు. తెరిచిన తలుపులోంచి రోడ్డు నాకూ కనబడింది. ఆడవాళ్ళలో పెద్దావిడ దగ్గరికొచ్చింది, తిడదామనే వచ్చి ఉంటుంది. కిందికి చూసి, "రత్తం," అంది. తమిళమైనా ఆ మాట అందరికీ అర్థమైంది.

ఆవిడ రోడ్డు మీదే గొంతుక్కూర్చుని అతని పాదం ఒళ్ళోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. తర్వాత బొటనవేలు పట్టుకుని గట్టిగా గిల్లింది. పైడిరాజు చెల్లాచెదరైన ఆకు వైపు చూస్తున్నాడు. ఇంకోసారి గిల్లింది. అతను అలాగే చూస్తున్నాడు. వరాలమ్మ కారు చుట్టూ తిరిగి వచ్చి అదంతా చూసింది.

"సక్కరయా?" అంది పెద్దావిడ. షుగరా అని. తన మోకాలి కింద అరచేతిని కత్తిలా పెట్టి ఒక్క గీత గీసి చూపించింది. తర్వాత మెడలో తాళి పట్టుకుని చూపించింది. తన మొగుడికి అక్కడి దాకా కాలు తీసేశారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది వరాలమ్మ.

"రిటైరవకముందు నుంచే. మూడేళ్ళు."

"ఎవరికీ సెప్పలేదా?"

"ఇంజన్లో కాలితో పనేటుంది."

"మరి నాకు? ఏశానన్నారు గదా. నాను తిరిగి సెప్పాను గదా. అబద్ధానికి నా సేత వంత పాడించారా?"

"అబద్ధం కాదే వరాలూ," అన్నాడు. "ఏశాననే అనుకున్నాను."

అబద్ధమైతే తిట్టొచ్చు. దీన్ని ఏం చేస్తారు. పెద్దావిడ ఆకు ఏరుకోవడానికి లేచిపోయింది. తూకానికి ఆలస్యమైతే మేస్త్రీ ఊరుకోడు.

"హేండుబ్రేకు ఉంది గదా," అన్నాడు పైడిరాజు. "దాంతో మెల్లగా దించేస్తాను."

వరాలమ్మ లోపలికి వంగి తాళం తీసి జాకెట్లో పెట్టుకుంది. అతని జేబులోంచి ఫోను తీసి, నిహాల్ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి అతని చేతికిచ్చింది.

కారు రోడ్డుకు అడ్డంగా ఉందనీ, మనిషిని పంపమనీ పైడిరాజు తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. నిహాల్ మొదట మెత్తగానే అడిగాడు. "ఏమైంది సార్? బ్రేకు ఫెయిలా? చెప్పండి, పరవాలేదు. పాత బండి కదా."

అవునంటే అయిపోయేది. నిహాల్ తనే దారి చూపించాడు. ఆ ఒక్క మాటతో వేరే కారు వచ్చేది, మిగిలిన రోజులూ అతను ఎటు తిప్పితే అటు వెళ్ళేవారు. నేరం ఇనుముది. ఇనుము ఎదురు చెప్పదు. వరాలమ్మ అతని మొహంలోకి చూడలేదు, రోడ్డు మీద ఆకు ఏరుతున్న చేతుల్ని చూస్తోంది. లైను తెగిందనుకుని నిహాల్ రెండుసార్లు హలో అన్నాడు.

"బ్రేకు బాగానే ఉందండీ," అన్నాడు పైడిరాజు. "కాలే పనిచెయ్యడం లేదు. నేనింక నడపను. డ్రైవరుని పంపించండి. ఇక్కడ దగ్గర్లో ఆస్పత్రెక్కడుందో కూడా చెప్పండి."

మొద్దుబారిన కాలిలాగే ఉంది ఆ గొంతు. వరాలమ్మ ఫోను తీసుకుని ఆస్పత్రి పేరు రెండుసార్లు అడిగి రాసుకుంది. పెద్దావిడ ఇద్దరినీ ఆకు ఎత్తుకెళ్ళడానికి వచ్చిన లారీ ముందు సీటెక్కించింది.

సాయంత్రం నిహాల్ మారు తాళం పట్టుకుని మెకానిక్కుతో వచ్చాడు. నీళ్ళు కొట్టి రక్తం కడిగారు. మెకానిక్కు నన్ను నాలుగుసార్లు తొక్కి చూశాడు. సరిగ్గానే పనిచేశాను. నిహాల్‌కు నమ్మకం కుదరలేదు. అంత పెద్దమనిషి తన కాలిదే తప్పని ఒప్పుకున్నాడంటే బండిలో ఏదో ఉండే ఉంటుందన్నాడు. నన్ను విప్పి, బోల్టులూ తెగిన కేబుళ్ళూ ఉన్న డబ్బాలో వేశారు. ఇక్కడ ఎవరూ తొక్కరు. తుప్పు మెల్లగా పడుతోంది, నొప్పేమీ లేదు.

ఆ కాలు ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఉంటే చాలు.